పైపుకు చుట్టిన నూలు

ఆ వాడలో పసిపిల్లలు చప్పుడుకు పడుకుంటారు, చప్పుడు ఆగితే లేచి ఏడుస్తారు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచలంటారు. పగలని లేదు, రాత్రని లేదు, ఇంటింటా అవి టకటకమని ఆడుతూనే ఉంటాయి. ఆ టకటకలోనే పుట్టి ఆ టకటకలోనే పాలు తాగిన ప్రాణాలు మరి. అందుకే ఆ పొద్దున సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలి, సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేసరికి వాడంతా పిల్లల ఏడుపులు లేచాయి.

రాజలక్ష్మి అప్పుడు కింది వాటాలో, శంకరవ్వ గదిలో ఉంది. చుట్టిన నూలు కండెలను గంపలోకి ఎత్తుకుంటోంది. కిరాయికి ఉంటున్న ఈ ముసలమ్మ ఊరికే కూర్చోలేక, రాజలక్ష్మి వాళ్ల సాంచలకు కండెలు చుట్టి పెడుతుంది. ముస్తాబాదు మనిషి. వయసంతా సాంచల మధ్య గడిపి చెవులు పోగొట్టుకుంది. ఆమెతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి, లేదంటే కార్ఖానా పద్ధతిలో పెదవులు మాత్రం ఆడించాలి. సాంచల మోతలో పనిచేసేవాళ్లంతా అట్లాగే మాట్లాడుకుంటారు, గొంతు లేకుండా. నడుము నొప్పికి ఆసరాగా శంకరవ్వ ఎప్పుడూ గది మూలకు వీపు ఆనించి కూర్చుంటుంది. ఆమె కొడుకు జలపతి గడప మీద కూర్చుని బూట్లకు పాలిష్ రుద్దుతున్నాడు. అతను హెడ్ కానిస్టేబుల్.

పోలీసుకు ఇల్లు ఇవ్వనంటే ఒక తంటా, ఇస్తే ఇంకో తంటా అయిన రోజులవి. ఇవ్వకపోతే స్టేషన్ వాళ్లు ఎందుకివ్వవంటారు. ఇస్తే అడవిలో ఉన్న అన్నలు ఎందుకిచ్చావంటారు. రాజలక్ష్మి మొగుడు నర్సింగం రెండు భయాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, అడవి కంటే స్టేషన్ దగ్గర కదా అని పోయిన ఏడు తాళంచెవి ఇచ్చేశాడు. అప్పుడు మేడ మీద దాచవలసినదేమీ లేదు.

సాంచలు ఆగిన ఆ నిశ్శబ్దంలో మూలనున్న పైపు మాట్లాడింది. ముందు పైన దబ్బున నీళ్లు పడ్డాయి. జరజరమని గోడ వెంట దిగాయి. నేల దగ్గర వంపులో గుడగుడమని తిరిగి, గుటుక్కున మింగినట్టయి ఆగాయి.

అసలు ఆ పైపు గది లోపలికి రావలసిందే కాదు. మేడ మీద పాయఖానా కట్టించినప్పుడు పక్కింటి రాజలింగం తన వైపు పైపు పడనివ్వనని పంచాయితీ పెట్టాడు. మేస్త్రీ దాన్ని గది లోపలి మూల నుంచే కిందికి దించాడు. సాంచలు ఆడినన్నాళ్లూ అది ఉన్నట్టే ఎవరి చెవికీ తెలియలేదు.

"పైన ఎవరున్నరక్కా?" తలెత్తకుండానే అడిగాడు జలపతి.

రాజలక్ష్మి చేతిలోంచి కండె జారిపోయింది. వెనక కార్ఖానాలో నర్సింగం దగ్గు వినిపిస్తోంది. అత్త సమ్మవ్వ వాకిట్లో, జలపతి కళ్ల ముందే, రాజలింగం పెండ్లాంతో కరెంటోళ్లను తిడుతూ నిలబడి ఉంది. పిల్లలు ఇంట్లో లేరు. వాళ్ల నోటికి భయపడి పోయిన వారమే కోరుట్లలో మేనత్త ఇంటికి తోలేసింది.

"నల్ల ఇడిసిపెట్టి అచ్చినట్టున్న సారూ" అంది.

"నీళ్లు ఖరాబైతయి. పోయి నల్ల కట్టుండ్రి" అన్నాడు, రెండో బూటు అందుకుంటూ.

గంప చంకన పెట్టుకుని నెమ్మదిగానే బయటికి వచ్చింది. మెట్లు సగం ఎక్కాక తట్టింది: విప్పి వదిలిన నల్లా తనంతట తాను కట్టుకోదు. ఆ నీళ్లు పడి ఆగాయి. ఈపాటి సంగతి తనకు తట్టినప్పుడు పోలీసువాడికి తట్టదా? మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

నూలు బేళ్లు పెట్టే గదిలో, బేళ్ల వెనక చాప మీద నీల గోడకు తిరిగి పడుకుని ఉంది. రాజలక్ష్మి చెల్లెలు. గొల్లపల్లిలో ఇల్లు విడిచి అన్నల వెంట పోయినప్పుడు బలంగా, బొద్దుగా ఉన్న పిల్ల. పోయిన వారం ఎముకల గూడై తిరిగొచ్చింది. అడవి నీళ్లు పడక నెత్తురు విరేచనాలు. చెప్పకుండా వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆమె కోసం అన్నలూ వెతుకుతుంటారు, పోలీసులూ వెతుకుతుంటారు. దొరికినవాళ్ల సంగతి ఇంటివాళ్లకు పేపర్లో చూస్తే తప్ప తెలియని కాలం అది.

"నీళ్లు నువ్వేనా పోసింది?"

"పోయకుంటె ఎట్లక్కా. కడుపుల కత్తి పెట్టి తిప్పినట్టైతుంది."

"కింద ఆ జలపతి అడిగిండు. పైన ఎవరున్నరని అడిగిండే."

నీల లేచి కూర్చోబోయి, కళ్లు తిరిగి మళ్లీ గోడకు ఒరిగింది. రాజలక్ష్మి చెల్లెలి నెత్తి మీద చెయ్యి వేయవలసింది. వేయలేదు. భయం ఆమె చేతులను పట్టేసుకుంది. గొంతు తగ్గించి గబగబా చెప్పుకుపోయింది. సాంచలు మళ్లీ నడిచేదాకా పగలు పాయఖానాకు పోవద్దు. బేసిను పెడతాను. నేను పైన వంటింట్లో ఉన్నప్పుడు తీసుకుపోయి పోస్తాను, నేనే పోయినట్టుంటుంది. తప్పనిసరై నువ్వే పోతే సగం చెంబు మించొద్దు. ఆ సగమూ అంచు పొంటి సన్నగా, నూనె వంపినట్టు వంపాలి.

నీల అంతా విన్నది. విని, ఎండిన పెదవులు తడుపుకుంది.

"తాగచ్చునా అక్కా? గుటక వేస్తె సప్పుడైతదేమో."

రాజలక్ష్మి బేసిను కోసం బయటికి నడిచింది.

ట్రాన్స్‌ఫార్మర్ మర్నాడూ రాలేదు. వాడ నిశ్శబ్దంగా పడి ఉంది. ఇంత నిశ్శబ్దంలో ఎట్లా బతకాలో ఆ మనుషులకు తెలియదు. మోతలో అరిచి మాట్లాడే అలవాటు కొద్దీ అరుస్తారు, అరిచాక తమ గొంతుకు తామే ఉలిక్కిపడతారు. ఎవరింట్లో గిన్నె పడ్డా అందరికీ తెలుస్తోంది. రాజలక్ష్మి ఒక్కో పని చేస్తూ చెవి కిందికి పెట్టి ఉంచింది. తనే పైపులో నీళ్లు పోసినా, పోసి తనే ఊపిరి బిగపట్టి వింటోంది. ఎంత సన్నగా వంపినా వంపు దగ్గర ఆ గుటుక్కుమనేది గుటుక్కుమంటూనే ఉంది. ముదనష్టపు పైపు, దానికి ఇంటి గుట్టు తెలియదు.

మధ్యాహ్నం జలపతి మెట్ల కిందికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాగితప్పొట్లం ఉంది.

"అక్కా, పెద్దమ్మకు కడుపు బాగలేదట గదా. మెడికల్ షాపుల అడిగి తెచ్చిన. గీ గోలీలు పొద్దుకొకటి, మాపుకొకటి."

రాజలక్ష్మి మూడో మెట్టు మీద ఆగిపోయింది. అత్తకు కడుపు బాగాలేదని తను ఎవరితోనూ అనలేదు. మరి ఇతనికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, ఇదొక ఉచ్చు అనుకుంది. అవునంటే, బండలాగా తిరుగుతున్న అత్తను చూసి నవ్వుతాడు. కాదంటే, మరి రోజుకు అన్నిసార్లు నీళ్లు ఎవరు పోస్తున్నారంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతని మొహం చూసింది. మొహంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడంతోనే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

"అవును సారూ. నిన్నటి సంది..." అంది.

ఆ మాట నోట్లో ఉండగానే సమ్మవ్వ సందులోంచి వాకిట్లోకి వచ్చింది. చేతిలో కాల్చిన మక్కకంకి ఉంది. బుక్క నిండా గింజలు.

జలపతి ఆ కంకి వైపు చూశాడు. "ఏం పెద్దమ్మా, కడుపుల పోతుంటె మక్కకంకి తింటవా?"

సమ్మవ్వ కోడలి మొహం చూసింది, పొట్లం చూసింది. అరవై ఏళ్లు అత్తలతో, ఆడబిడ్డలతో, సేట్లతో నెగ్గుకొచ్చిన మనిషి, ఒక్క రెప్పపాటు కూడా తీసుకోలేదు.

"పొయ్యేటిది ఎట్లైన పోతది బిడ్డా. తినకుంటె ఉత్తగ పోతది, తింటె నోటి రుచన్న దక్కుతది" అని కంకిని చాటుకు పెట్టుకుంది. పొట్ట పట్టుకుని మూలుగుతూ మెట్లెక్కడం మొదలుపెట్టింది. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే మూలిగింది.

జలపతి నవ్వాడు. ఆ నవ్వు రాజలక్ష్మిని ఆ పూటంతా వదల్లేదు.

సాయంత్రం వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. నర్సింగం రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాలుగు సాంచల ఆసామి అయినా మనిషి పిరికివాడు. కానీ చేతులు పిరికివి కావు. ఏ పోగు ఎక్కడ తెగిందో చీకట్లో తడిమి చెప్పగలడు. భయమేస్తే ఆ చేతులకు పని కావాలి.

"పైపుకు చుట్టు చుడుత" అన్నాడు. "పట్టీల కింద సైకిల్ ట్యూబు పెట్టి, మీద వేస్టు నూలు, ఆ మీద గోనె. సప్పుడు ఎట్లస్తదో సూద్దాం."

"ఎవ్వడన్న అడిగిండారా చుట్టుమని?" సమ్మవ్వ అంది. "గుమ్మడికాయల దొంగంటె భుజాలు తడుముకున్నట్టుంటది."

"మరి ఊకుందామా? రేపింత, ఎల్లుండింత. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుండచ్చు" అంది రాజలక్ష్మి. పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "నువ్వు చుట్టయ్యా. రేపే చుట్టు."

మర్నాడు జలపతి డ్యూటీకి పోయాక కిందికి దిగారు. 'మా అత్తకు తిరుగుడు ఎక్కువైంది, మీకు సప్పుడు తక్లీఫైతుంది' అని రాజలక్ష్మి పెదవులు ఆడించి చెబితే, శంకరవ్వ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, లేచి మంచం మీదికి జరిగింది.

నర్సింగం ముందు పైపును గోడకు పట్టి ఉంచిన పట్టీల మేకులు ఊడబీకాడు. పాత సైకిల్ ట్యూబును వేలెడేసి ముక్కలుగా కోసి, పట్టీకీ పైపుకూ నడుమ దూర్చి మళ్లీ బిగించాడు. పైపు ఎక్కడా గోడను తాకకుండా వేలు పెట్టి చూసుకున్నాడు. తాకితే గోడంతా మాట్లాడుతుందని అతనికి తెలుసు. సాంచ కాళ్ల కింద రబ్బరు పెట్టేది అందుకే. తర్వాత గంజి పట్టిన వేస్టు నూలును కింది నుంచి పైకి, మగ్గం బీముకు పడుగు చుట్టినట్టు వరస మీద వరసగా లాగి లాగి చుట్టాడు. మీద గోనెపట్టా. గోనె మీద తాడు. అడుగున వంపు దగ్గర ఇసుక సంచులు ఎత్తి దట్టంగా పేర్చాడు. రాజలక్ష్మి నూలు అందిస్తూ, సందులో అడుగుల చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు తిరిగి చూస్తూ ఉంది.

"పోయి నీళ్లు పొయ్యి" అన్నాడు.

ఆమె మేడ మీదికి పోయి ఒక చెంబు పోసింది. నర్సింగం గోనెకు చెవి ఆనించి ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి అతని మొహంలో వారం రోజులకు మొదటిసారి నెత్తురు కనిపించింది. చప్పుడు చచ్చిపోయింది. పైన నీళ్లు పడుతున్నాయంటే నమ్మలేనంత బాగా చచ్చిపోయింది. ఇంత చక్కని పనికి మెచ్చుకునేవాళ్లు లేరే అన్నట్టు నర్సింగం శంకరవ్వ వైపు చూశాడు.

ముసలమ్మ మళ్లీ మూలకు వచ్చి గోనెకు వీపు ఆనించింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలి చూసుకుంది. ఆమె మొహం చిన్నబోయింది.

"మెత్తగున్నదా పెద్దవ్వా?" రాజలక్ష్మి అడిగింది.

శంకరవ్వ మళ్లీ ఒకసారి గోనెకు వీపు అదిమి చూసుకుంది. కండె అందుకుంది.

ఆ తర్వాత రాజలక్ష్మికి హాయిగా ఉండవలసింది. ఉండలేదు. నీలకు మాత్రం పాయఖానాకు పోయే వీలు చిక్కింది, సగం చెంబు నిబంధన మీదే. పైపుకు చుట్టిన తర్వాత కూడా ఆ సగం చెంబు ఎందుకని నీల అడగలేదు. రాజలక్ష్మి చెప్పలేదు. భయపడ్డ మనిషికి ఒకసారి విధించిన శిక్షను వెనక్కి తీసుకునే ధైర్యం కూడా ఉండదు.

కింద జలపతి ఆ రోజు ఇంటికి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే గోనె చుట్టిన పైపు ముందు నిలబడడం మెట్ల మలుపు నుంచి, తెరిచిన తలుపులోంచి రాజలక్ష్మికి కనిపించింది. తాడు ముడి పట్టుకుని చూశాడు. ఇసుక సంచిని బూటుతో నెట్టి చూశాడు. తర్వాత వాకిట్లోకి వచ్చి తలెత్తి మేడ వైపు చూశాడు. రాజలక్ష్మి మలుపు చాటుకు తప్పుకుని గోడకు అంటుకుపోయింది. తలుపు చప్పుడైతే జీపు వచ్చిందనుకుంది. పిల్లి దూకితే బూట్లనుకుంది. అన్నం పెట్టుకుని తినలేక అత్తకు పెట్టేసింది.

ఇట్లా రెండు రోజులు గడిచాయి. మూడోనాడు పొద్దెక్కాక మెట్ల మీద అడుగులు వినిపించాయి. నెమ్మదిగా, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి వస్తున్నాయి. రాజలక్ష్మి వంటింట్లోంచి పరుగున వచ్చింది. శంకరవ్వ గోడ పట్టుకుని ఎక్కుతోంది. ఈ ఇంటికి వచ్చిన తర్వాత ఆమె మేడ ఎక్కడం అదే మొదలు. ఎక్కి, రొప్పుతూ, వంటింటి వైపు కాకుండా నేరుగా నూలు గది వైపు నడిచింది.

రాజలక్ష్మి అడ్డంగా నిలబడి తలుపు రెక్క పట్టుకుంది. "ఏం గావాలె పెద్దవ్వా? కండెలకు నూలా? నేనే తెస్త గదా..." అరిచింది. తన అరుపు నిశ్శబ్దంలో వాడంతా పాకినట్టయింది.

శంకరవ్వ నోటి మీద వేలు పెట్టింది. అప్పుడు పెదవులు ఆడించింది, గొంతు లేకుండా, కార్ఖానా పద్ధతిలో.

'ఆ పిల్ల పాణంతోని ఉన్నదా?'

రాజలక్ష్మి చేయి తలుపు మీదే బిగుసుకుపోయింది. ఏ పిల్ల అని అడగాలని తెలుసు. అడిగితే అబద్ధం మొహంలోనే కనిపిస్తుందనీ తెలుసు.

'నా చెవులు పోయినయి గని వీపు పోలేదు బిడ్డా' అంది ముసలమ్మ. 'పొద్దంత ఆ మూలకే ఆనుకోని కూసుంట. పైన నీళ్లు పడితె నా వీపుకు ఎరుకైతది. నీ అడుగు ఎరుకే, సమ్మవ్వ అడుగు ఎరుకే. నర్సింగం కార్ఖానల, మీ ఇద్దరు కింద నా ఎదుట ఉన్నప్పుడు గూడ నీళ్లు దిగుతుంటె ఇంకో మనిషి ఉన్నదనుకున్న, అడుగు తేలికను బట్టి ఆడపిల్లనుకున్న. మాటిమాటికి పోతున్నదంటె పాణం బాగలేనిదనుకున్న. ఇట్ల దాసిండ్రంటె అడివి నుంచి అచ్చిన పిల్లనే అనుకున్న. రెండొద్దులాయె, వీపుకు సడి లేదు. చచ్చిపోయిందేమో, మీరు భయానికి ఏడ్వలేక ఊకున్నరేమో అనుకున్న. అందుకే అచ్చిన.'

రాజలక్ష్మి తలుపు వదిలేసింది. గడప మీదే కూర్చుంది. శంకరవ్వ కూడా ఆమె ఎదుట మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. చప్పుడు లేని ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు చప్పుడు లేకుండా మాట్లాడుకున్నారు.

'సమ్మవ్వకు కడుపుల పోతుందని కొడుకుకు నేనే చెప్పిన. ఆనాడు నల్ల అన్నవు చూడు, ఆ మాట నిలవదని. గోలీలు తెచ్చిచ్చి మరిసిపోయిండు. పైపు ఎంత మోగినా తలకాయ ఎత్తలే. మీరచ్చి గోనె కట్టిండ్రు. గప్పటిసంది గదే చూపు. నేనడిగిన్నా చుట్టుమని, మరి ఎందుకు చుట్టిండ్రే అమ్మా అని నన్నడుగుతుండు. పైపు సల్లదనానికి వీపు గుంజుతుంటె నేనే చుట్టమన్న అని చెప్పిన. నమ్మినట్టు లేడు. రేపు డ్యూటీ దిగినంక పైకి పోయి పెద్దమ్మను చూసొస్త అన్నడు.'

రాజలక్ష్మి రెండు చేతులతో నోరు మూసుకుంది.

'సాంచల కాడ పుట్టి పెరిగినోళ్లు మీరు. సాంచ నడుస్తుంటె ఎవ్వలన్న లేస్తరా? ఆగితెనే లేస్తరు. గంత మాట మరిసిపోయిండ్రా?' శంకరవ్వ మందలింపులో కోపం లేదు. 'గోనె ఇప్పుండ్రి. ఎలుకలు జొచ్చినయని నేను కొడుకుకు చెప్త. నీళ్లు పొయ్యిండ్రి, మోగనియ్యిండ్రి. రేపటి లోపల ఆ పిల్లను ఏడికన్న తోలుండ్రి.'

రాజలక్ష్మి ఆమె చేయి పట్టుకుంది. 'పోలీసు తల్లివి. నీకెందుకు పెద్దవ్వా మా బాధ?'

శంకరవ్వ ఒకసారి మెట్ల వైపు చూసుకుంది. 'నా చిన్నోడు వెంకటి. గీ పిల్ల పోయిన తొవ్వలనే పోయిండు. పెద్దోడు గిటు, చిన్నోడు గటు. మా ఇంట్ల వాని పేరు తీయం' అంది. అప్పుడు లేచి నూలు గదిలోకి తొంగి చూసింది. నీల బేళ్ల సందులోంచి చూస్తోంది. ముసలమ్మ వంగి ఆ పిల్ల పాదం మీద చేయి వేసి, వెచ్చగా ఉందని చూసుకుని, వచ్చిన దారినే దిగిపోయింది.

అక్క వేయవలసిన చేయి పరాయి మనిషి వేసిపోయింది. రాజలక్ష్మి చాప మీదికి పోయి చెల్లెలిని ఒళ్లోకి లాక్కుంది. ఆమె ఏడుస్తుంటే నీలే అక్క వీపు నిమిరింది.

నర్సింగం తను ప్రాణం పెట్టి చుట్టిన చుట్టును తనే విప్పాడు. సాయంత్రం జలపతి వచ్చేసరికి పైపు మునుపటిలాగే నగ్నంగా ఉంది. అతను బువ్వ తింటుండగా పైనుంచి దబ్బున పడి, జరజర దిగి, గుటుక్కుమంది. చాలా రోజుల తర్వాత నీల నిండు చెంబు పోసింది.

మర్నాడు పొద్దున రెండు ఇళ్ల అవతలి సరోజన పిల్లలతో భీవండికి బయలుదేరుతోంది. ఆమె మొగుడు అక్కడ సాంచలు నడుపుతాడు. జగిత్యాల మీదుగా కోరుట్ల పోయి బొంబాయి బస్సు ఎక్కాలి. తన చుట్టాల పిల్ల కండెలు చుట్టే పనికి వస్తుంది, తోడు తీసుకుపొమ్మని నర్సింగం రాత్రే చెప్పి వచ్చాడు. సమ్మవ్వ నీలకు తన జరీ అంచు చీర కట్టింది. నెత్తురు లేని మొహానికి, పాదాలకు దట్టంగా పసుపు రాసి, నొసట రూపాయంత బొట్టు పెట్టింది. పాలిపోయిన పిల్ల పండగకు తయారైన కొత్త కోడలిలాగా అయింది.

మెట్లు దిగే వేళకు జలపతి వాకిట్లో వేపపుల్ల నములుతూ ఉన్నాడు. సరోజన ఆటో వీధిలో హారన్ కొడుతోంది. రాజలక్ష్మి పై మెట్టు మీద నిలబడిపోయింది. ఆమె వెనక నీల ఊపిరి తగులుతోంది. ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు.

"ఓ జలపతీ! నడుము పట్టిందిరో, లేవలేకపోతున్న బిడ్డో!" గదిలోంచి శంకరవ్వ కేక పెట్టింది. చెవిటివాళ్ల కేక, సందు దద్దరిల్లింది. జలపతి పుల్ల పారేసి లోపలికి ఉరికాడు. నీల వాకిలి దాటింది. చీర కుచ్చెళ్లు కాళ్లకు అడ్డం పడుతుంటే ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, వెనక్కి తిరగకుండా ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం జలపతి అన్నట్టే మేడ మీదికి వచ్చాడు. సమ్మవ్వ దుప్పటి కప్పుకుని పడుకుంది. ఈసారి మూలగలేదు, మూలగవలసిన అవసరం లేనంతగా నిజంగానే వణుకుతోంది. అతను ఆమె మంచం పక్కన కూర్చుని గోలీలు వేసుకుంటున్నావా అని అడిగాడు. లేచి పోతూ నూలు గది ముందు ఆగాడు.

"గీ గదిల ఏముంటయక్కా?"

రాజలక్ష్మి తలుపు తోసింది. బేళ్లు ఉన్నాయి. బేళ్ల పక్కన బేసిను ఉంది. దాన్ని తీయడం మరిచిపోయారు.

"అది నాదే బిడ్డా" సమ్మవ్వ మంచం మీది నుంచి అంది. "ఒక్కోపాలి పాయఖానకు పోయేదాక ఆగది."

జలపతి బేసిను వైపు చూశాడు. చాప వైపు చూశాడు. రాజలక్ష్మి మొహం వైపు చూశాడు.

"నయమైతది తియ్యి" అని చెప్పులు వేసుకుని దిగిపోయాడు. అతనికి ఏం తెలిసిందో, ఎంత తెలిసిందో రాజలక్ష్మికి ఆనాడూ తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు.

మనిషి పోయిన రోజే చప్పుడూ పోతే అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అందుకని రాజలక్ష్మి ఖాళీ పాయఖానాలో నీళ్లు పోయడం మొదలుపెట్టింది. రోగం ఒక్కనాడే తగ్గదు, మెల్లగా తగ్గించమని శంకరవ్వ పెదవులతో చెప్పింది. నీల పోయే వేళలకే పోసేది. రోజుకు ఒకటి చొప్పున తగ్గించుకుంటూ వచ్చింది. పోసిన ప్రతిసారీ, ఆ పిల్లకు తను కొలిచి ఇచ్చిన సగం చెంబు గుర్తొచ్చేది. భీవండి నుంచి ఏ కబురూ రాలేదు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. సాంచలన్నీ ఒక్కసారే ఎత్తుకున్నాయి. వాడంతా ఊపిరి పీల్చుకుంది, పసిపిల్లలు పడుకున్నారు. ఇక పైపు ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. రాజలక్ష్మి ఆ పూట నీళ్లు పోయలేదు.

మధ్యాహ్నం కండెల కోసం కిందికి పోతే శంకరవ్వ మూలకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉంది. ఒళ్లో కండె అలాగే ఉంది.

'ఈ పొద్దు పొయ్యలేదేంది?' పెదవులు ఆడించింది.

'ఇగ ఎందుకు పెద్దవ్వా? మా అత్తకు నయమైందనే అందరు అనుకుంటున్నరు.'

'నీ అత్తకు నయమైంది' అంది శంకరవ్వ. వెనక్కి చేయి పెట్టి పైపును తడిమింది. 'ఆ నీళ్లు దిగుతుంటె, ఏ ఊళ్లనో, ఏ ఇంట్లనో, నా వెంకటిగాడు గూడ గిట్లనే తలుపు ఎనుక పాణంతోని ఉన్నడనిపించేది. ఎవ్వలో ఒక తల్లి వాని సప్పుడు కడుపుల పెట్టుకుంటున్నదనిపించేది. ఇంకో నాలుగొద్దులు పొయ్యి బిడ్డా. జలపతికి ఇనిపించెటందుకు కాదు. నా కోసం.'

రాజలక్ష్మి గంప అక్కడే పెట్టేసి మేడ ఎక్కింది. నల్లా కింద బకెట్టు పెట్టి, అంచులు దాటి పొర్లేదాకా చూసింది. రెండు చేతులతో ఎత్తి మొత్తం ఒక్కసారే గుమ్మరించింది. సాంచల మోతలో ఆ చప్పుడు ఆమెకే వినబడలేదు. కింద వీపు ఆనించుకుని కూర్చున్న మనిషికి అంది ఉంటుందనుకుంది. అయినా నమ్మకం చాలక, ఖాళీ బకెట్టు మళ్లీ నల్లా కింద పెట్టింది.